మత్తు డాక్టర్‌కు బోర్డెక్కడిది?

సాయంత్రం ఐదింటికి గడువు. మధ్యాహ్నం రెండుంబావుకే నా ఆప్షన్లు లాకయిపోయి ఉన్నాయి. లాక్ చేసింది నేను కాదు.

దవాఖాన డ్యూటీ గదిలో నిలబడి ఫోన్ వంక చూస్తున్నాను. పీజీ సీటు కోసం నాలుగు రోజులు కూర్చుని పేర్చుకున్న జాబితా అది. మొదటి పన్నెండు వరుసల్లో అనస్థీషియా పెట్టుకున్నాను. అంటే, మన జనం మాటల్లో, మత్తు డాక్టర్ చదువు. ఇప్పుడు ఆ పన్నెండు వరుసల్లోనూ గైనకాలజీ ఉంది. వేలితో కిందికి జరిపాను. చర్మవ్యాధులు. పిల్లల వైద్యం. ఆఖరికి చెవి, ముక్కు, గొంతు కూడా ఉంది. మత్తు అన్న మాట ఎక్కడా లేదు. ఒకసారి లాక్ పడ్డాక దేవుడు దిగివచ్చినా మార్చలేడు.

నా జాబితా మార్చి లాక్ కొట్టగలిగినవాడు భూమ్మీద ఒక్కడే. మా అన్న ఫహీం.

చిట్యాల బస్టాండు ఎదురుగా అతని ఆన్‌లైన్ సెంటర్. రేషన్ కార్డు నుంచి పాస్‌పోర్టు దాకా చుట్టుపక్కల ఊళ్లకు ఏ దరఖాస్తయినా ఫహీం భాయే నింపాలి. వచ్చేవాళ్లలో సగం మందికి తమ ఫోన్ నంబరు నోటికి రాదు. అందుకని తన నంబరే వేసేస్తాడు. ఊరందరి ఓటీపీలూ అతని జేబులోనే మోగుతాయి. నా పరీక్ష దరఖాస్తు నింపిన రోజు కూడా అలవాటు కొద్దీ తన నంబరే వేశాడు. జాబితా పేర్చుకోవడానికి పాస్‌వర్డు చాలు, అది అతనికీ తెలుసు; లాక్ పడాలంటే మాత్రం ఓటీపీ కావాలని నేనూ పట్టించుకోలేదు. అయిదున్నరేళ్లు డాక్టరు చదివినదాన్ని, నా తాళంచెవి అన్న జేబులో ఉందన్న సంగతి ఆ మధ్యాహ్నం దాకా తెలుసుకోలేదు.

ఫోన్ చేశాను.

"భాయ్, నా ఆప్షన్లు ఎవరు మార్చిన్రు?"

"నేనే," అన్నాడు తొణక్కుండా. వెనక ప్రింటర్ చప్పుడు. "ఆఖరు గంటల సర్వర్ పండుకుంటది జేబా, నీకు తెల్వదు. గందుకే పొద్దుగాలనే సాఫ్ జేసి లాక్ కొట్టిన."

"సాఫ్ జేసినవా? నేను పెట్టుకున్నది నీకు గలీజు లెక్క కనవడ్డదా?"

"మత్తు డాక్టరా? అదేం చదువే? ఎవడన్న అడిగితే మా చెల్లె సూదిచ్చి పండవెడ్తది అని చెప్పాల్నా? జర ఉండు, గిక్కడ ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు మనిషి నిలవడ్డడు."

పెట్టేశాడు. నా చేతిలో ఫోన్ వేడెక్కిందో, చెయ్యే వేడెక్కిందో తెలియలేదు.

ఆ పన్నెండు వరుసలూ అలా ఎందుకు పేర్చుకున్నానో చెప్పాలంటే ఇంకో మూడు వారాలు వెనక్కి పోవాలి.

అది 2022 వానాకాలం. ఎంబీబీఎస్ అయిపోయింది, పీజీ పరీక్ష రాశాను. కౌన్సెలింగ్ మొదలయ్యేదాకా ఇంట్లో కూర్చోలేక, హైవే పక్కనున్న ఒక వంద పడకల సర్కారు దవాఖానలో కాంట్రాక్టు డాక్టరుగా చేరాను. దాని పేరు చెప్పను. చెబితే తప్పంతా ఆ ఒక్క దవాఖానదే అనుకుంటారు.

అక్కడ అన్నీ ఉన్నాయి. గైనకాలజిస్టు మనస్విని మేడం ఉంది. తెలంగాణ వచ్చాక కట్టిన కొత్త ఆపరేషన్ థియేటర్ ఉంది. కిటికీ అద్దంలోంచి చూస్తే, లోపల బల్లకు చుట్టిన ప్లాస్టిక్ కూడా విప్పలేదని కనబడుతుంది. లేనిదల్లా మత్తు డాక్టరు. ఆ పోస్టు ఏడేళ్లుగా ఖాళీ. తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లన్నీ పెద్ద దవాఖానకు పంపేవాళ్లం. అర్జంటయితే గోపీకృష్ణ సారుకు ఫోన్ కొట్టేవాళ్లం. జిల్లాలో సగం ప్రైవేటు నర్సింగ్ హోములకు ఆయనొక్కడే మత్తు డాక్టరు. కారు డిక్కీలో మందుల పెట్టె వేసుకుని హైవే మీద అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఆయన కారు ఎక్కడ ఆగితే అక్కడ ఆపరేషన్. మా గేటు ముందు అది ఆగగా నేను చూడలేదు.

ఆ రోజు పదకొండింటికి పర్వతాలు అనే ఆటో డ్రైవరు తన భార్య సైదమ్మను తీసుకొచ్చాడు. మొదటి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. గుండె చప్పుడు తగ్గుతోంది.

"జేబా, సారుకు ఫోన్ కొట్టు," అంది మేడం. "అర్ధగంటల బిడ్డను బైటికి తీయాలె."

సారు మూడోసారికి ఎత్తాడు. "నలభై కిలోమీటర్ల దూరంల ఉన్ననమ్మా. బల్ల మీద పేషెంటున్నది, ఇడిసి ఎట్ల రావాలె? గంటన్నర పడ్తది. ఆపగల్గుతరా?"

మేడం నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "నేను ఆగుత సార్. బిడ్డ ఆగాలె గదా!"

108లో హైదరాబాదు పంపాం. తోడుగా నేనెక్కాను. పర్వతాలు నా ఎదురుగా కూర్చుని, భార్య చెయ్యి పట్టుకుని అడిగాడు.

"అమ్మా, గంత పెద్ద మేడం ఉండె గదా. గా కోసేదేదో గక్కడ్నే కొయ్యరాదుండెనా?"

"మత్తియ్యనీకి డాక్టర్ లేడన్నా."

"మత్తియ్యనీకి గూడ డాక్టర్ గావాల్నా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. టోల్‌గేటు దగ్గరికి వచ్చేసరికి బిడ్డ గుండె చప్పుడు వినబడలేదు. కడుపు మీది మిషన్ తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ పెట్టాను. సైదమ్మ నా ముఖం వంకే చూస్తోంది. హైదరాబాదులో చనిపోయిన బిడ్డను తీశారు. రక్తం ఆగక గర్భసంచి కూడా తీసేశారు. ఆమెకు ఇరవై రెండేళ్లు.

నేను తిరిగి వచ్చేసరికి మేడం థియేటర్ ముందు నేల మీదే కూర్చుని ఉంది. "తొమ్మిదేండ్లు చదివిన," అంది. "మంత్రసానికి నాకు తేడా ఏందో చెప్పు జేబా."

ఆ సాయంత్రమే నా జాబితా మొదటి వరుస కాగితం మీద రాసుకున్నాను.

అదే వారం మా కాలేజీ వాళ్లు మా బ్యాచ్ అందరికీ ఫోన్లో ఒక సర్వే పంపారు. 'మీరు ఈ స్పెషాలిటీ ఎంచుకోవడానికి కారణం?' కింద టిక్కు పెట్టడానికి గడులు. ఆదాయం, హోదా, కుటుంబానికి సమయం, తల్లిదండ్రుల కోరిక, సేవాభావం. నా క్లాస్‌మేట్ రిత్విక్ ఫోన్ చేసి పడీ పడీ నవ్వాడు.

"నేనైతే రేడియాలజీ. ఏసీ గది, చీకటి, నోరులేని ఫోటోలు. మూడో గడి కొట్టిన. నువ్వేం కొట్టినవ్ తల్లీ? సేవాభావమేనా?"

"కోపం అనే గడి లేదు రిత్విక్."

"ఏందీ?"

"కోపమొచ్చి ఎంచుకున్న. దానికి గడి పెట్టలే వాళ్లు."

"అయితే 'ఇతరములు' కొట్టు," అన్నాడు.

లాక్ పడిన తొమ్మిదో రోజు సీటు వచ్చింది. గైనకాలజీ. మంచి కాలేజీ. ఇంటికి పోయేసరికి అమ్మీ డబల్ కా మీఠా చేసి వాడకట్టంతా పంచుతోంది. అబ్బా వాకిట్లో ఒక రేకు ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

మా అబ్బా, పెయింటర్ షరీఫ్ అంటే నల్లగొండ దాకా తెలుసు. ఫ్లెక్సీలు రాకముందు ఆ దారిలో డాక్టర్ల బోర్డులన్నీ ఆయన చేతివే. నేను ఎంబీబీఎస్‌లో చేరిన ఏడాదే నాలుగడుగుల రేకు తెచ్చాడు. తుప్పు పట్టకుండా ముందు ఎర్రరంగు, ఆరాక దాని మీద తెల్లరంగు. పాత లుంగీ చుట్టి అటక మీద పెట్టాడు. ఏడాదికోసారి దించి తుడిచేవాడు. సుద్దతో ఒక వరుస గీసి ఉంటుంది: డా. జేబా షరీఫ్, ఎం.బి.బి.ఎస్. కింది వరుస ఖాళీ. ఆ రోజు ఆ ఖాళీలో 'స్త్రీల వ్యాధుల నిపుణురాలు' అని సుద్దతో గీస్తున్నాడు.

"నేను చేరను," అన్నాను.

సుద్దముక్క ఆగింది.

"పాగల్ అయినవా?" ఫహీం భాయ్ లోపల్నుంచి వచ్చాడు. "గైనిక్ సీటు కోసం కోట్లు గుమ్మరిస్తున్నరు, తెల్సా?"

"చేరకపోతే రెండో విడత ఉన్నది. మత్తు సీట్లు కుప్పలుగ మిగుల్తయి."

"ఎందుకు మిగుల్తయో ఆలోచించినవా? ఎవ్వనికి అక్కర్లేదు గనుక! కొట్టుకో రెండో విడత. ఓటీపీ నా ఫోన్‌కే వస్తది గదా. మల్ల గైనికే కొడ్త."

అమ్మీ గిన్నె కింద పెట్టింది. "నువ్వు పుట్టిన దినం ఊర్ల లేడీ డాక్టర్ లేదు బేటా. కాంపౌండర్ తెర అవతల నిలవడి కాన్పు జేసే దాయికి చెప్పిండు, గట్ల వట్టు, గిట్ల గుంజు అని. నేను సిగ్గుతోని సచ్చిన. గందుకే నిన్ను డాక్టర్ చదివిచ్చిన. మనోళ్ల ఆడోళ్లు యాడికి పోవాలె?"

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. కానీ అమ్మీ ముఖం మీద విసిరే జవాబు కాదది.

అబ్బా లేచాడు. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు కలిసే నడుస్తాయి. కోపం వస్తే మాత్రం అబ్బాకు తెలుగే వస్తుంది, బోర్డులు రాసీ రాసీ.

"మత్తు డాక్టర్‌కు బోర్డెక్కడిది బిడ్డా? ముప్పై ఏండ్లు రాసిన. గుండె డాక్టర్, పండ్ల డాక్టర్, ఆఖరికి గొడ్ల డాక్టర్‌కు గూడ రాసిన. మత్తు డాక్టర్‌కు ఒక్కటి రాయలే. దుకాణమే లేనోనికి బోర్డెందుకు? నీ పేరు యాడ రాయాలె నేను?"

"నీ బోర్డు కోసమా అబ్బా నేను చదివింది?"

అనకూడని మాట అన్నానని తెలుసు. వెనక్కి తీసుకోలేదు.

చేరడానికి ఐదు రోజుల గడువు. నాలుగో రోజు అబ్బా మిఠాయి డబ్బా పట్టుకుని దవాఖానకు వచ్చాడు. మనస్విని మేడం చేత నాకు బుద్ధి చెప్పించాలని. ఆమె ఓపీలో ఉంది. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాను. ఎదురుగా గోడ మీద డాక్టర్ల పట్టిక. తెలంగాణ వచ్చిన మరుసటేడు అబ్బా రాసిందే. ఎడమ పక్క విభాగం, కుడి పక్క పేరు. పిల్లల వైద్యులు, స్త్రీల వైద్యులు, పండ్ల వైద్యులు. అన్నిటికన్నా కింద 'మత్తు వైద్యులు'. దాని కుడి పక్క ఏమీ లేదు.

మేడం రాగానే లేచి నిలబడ్డాడు. "మా బిడ్డకు గూడ మీ చదువే వచ్చిందమ్మా. వద్దంటాంది. మీరన్న జర చెప్పున్రి."

మేడం డబ్బా అందుకుంది, తెరవలేదు. "మంచిదే షరీఫ్ భాయ్. చదివి రానియ్యున్రి. అప్పుడు ఇద్దరం కలిసి గా థియేటర్ తాళం ముందల కూసుంటం. ఒకలికొకలం తోడు."

లోపలికి వెళ్లిపోయింది. అబ్బా తెల్లబోయి నా వంక చూశాడు. చెయ్యి పట్టుకుని వరండా చివరకు తీసుకుపోయాను.

"ఇది నువ్వు రాసిందే గదా?"

రెండు రెక్కల తలుపు. ఈ రెక్క నుంచి ఆ రెక్కకు సాగిన పెద్ద ఎర్ర అక్షరాలు: ఆపరేషన్ థియేటర్. అబ్బా ముందు అరచేత్తో దుమ్ము తుడిచాడు, పనివాడి అలవాటు. తర్వాత రెండు రెక్కలూ కలిసేచోట వేలు పెట్టి, పైనుంచి కిందికి జరిపాడు. మధ్యలో ఒక అక్షరం మీద ఆగాడు.

"రంగు పగల్లే," అన్నాడు.

"ఏంది?"

"రెండు రెక్కల మీద ఒక్క అక్షరం వడ్తే, తలుపు తీసిన మొదటి దినమే సందుల రంగు పగుల్తది. టచింగ్ జేయనీకి మల్ల పిలుస్తరనుకున్న. ఏడేండ్లాయె. ఎవ్వరు పిల్వలే. నా రంగు గట్టిదని మురిసిన."

వేలు అక్కడే ఉంది. నేను సైదమ్మ సంగతి చెప్పాను. టోల్‌గేటు దాకా చెప్పాను. పర్వతాలు అడిగిన మాట చెప్పాను. అబ్బా నా వైపు తిరగలేదు.

"గా పట్టిక మీద ఖాళీ గూడ నేనే ఇడిసిన," అన్నాడు చివరికి. "పేరు ఏం రాయాలె సారూ అంటే, అప్పటి పెద్ద సారు, జాగ ఇడువు షరీఫ్, వస్తరు అన్నడు. ఇడిసిన."

మేడంను మళ్లీ కలవకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు.

మరునాడు ఆఖరు రోజు. సాయంత్రం నాలుగింటి లోపల హైదరాబాదులో చేరాలి. ఫహీం భాయ్ ఎనిమిదింటికే కిరాయి కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. అమ్మీ కొత్త దుపట్టా తీసి పెట్టింది. నేను గుమ్మంలో కూర్చున్నాను, లేవలేదు. హారన్ మోగింది. మళ్లీ మోగింది. అబ్బా అటక మీది నుంచి రేకు దించాడు. బకెట్లో గుడ్డ ముంచి పిండాడు. 'స్త్రీల వ్యాధుల నిపుణురాలు' మీద ఒక్కసారి తుడిచాడు. తర్వాత పై వరుస కూడా తుడిచాడు, నా పేరు కూడా. రేకంతా తెల్లగా అయిపోయింది.

"కారు పంపియ్యిరా," అన్నాడు ఫహీంతో.

పదిహేను రోజుల తర్వాత రెండో విడత తెరుచుకుంది. నేను అన్న సెంటర్‌కు పోయి, టోకెన్ తీసుకుని, జనంతో పాటు వరుసలో కూర్చున్నాను. నా వంతు వచ్చింది.

"ఏం కావాలె?" కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా అడిగాడు.

"ఫోన్ నంబర్ మార్చాలె."

"పాత నంబర్‌కు ఓటీపీ వస్తది."

"తెల్సు. చెప్పు."

"చెప్ప." ఇప్పుడు తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఊరంత మంచిగ మొక్కుకుంటరు నీ అసొంటి సీటుకు. నేను ఊరందరికి దరఖాస్తులు నింపిన, నా చెల్లె దరఖాస్తు ఒక్కటి ఖరాబయింది. నేను చెప్ప."

నా వెనక బెంచీ మీద ఎవరో లేచిన చప్పుడు. అబ్బా. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో చూడలేదు.

"ఫోన్ ఇటియ్యి."

ఫహీం భాయ్ ఇవ్వలేదు. అబ్బా చాచిన చెయ్యి చాచినట్టే ఉంచాడు. టోకెన్లు పట్టుకుని నిలబడ్డ జనం అందరూ చూస్తున్నారు. చివరికి ఫోన్ ఆ చేతిలో పడింది. అబ్బా కళ్లద్దాలు పెట్టుకుని, సుద్దతో గీసేటప్పుడు కొలిచినంత జాగ్రత్తగా, ఒక్కో అంకె చదివాడు. నేను నా ఫోన్లో కొట్టుకున్నాను.

అనస్థీషియా వచ్చింది. అడిగితే ఎందుకు రాదు? నా ముందు అడిగినవాళ్లే లేరు.

ఫహీం భాయ్ ఆ తర్వాత ఏడాది నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాడు. ఎవరైనా అడిగితే మా చెల్లె డాక్టర్ అంటాడు, ఏం డాక్టరో చెప్పడు. ఆ తెల్ల రేకు మా ఇంటి నీళ్ల హౌజుకు మూత అయింది.

మూడేళ్ల చదువు అయిపోగానే అదే దవాఖానకు అడిగి మరీ పోస్టింగ్ వేయించుకున్నాను. మొదటి నెలలో నేనూ, మనస్విని మేడం కలిసి తొమ్మిది ఆపరేషన్లు చేశాం. తొమ్మిది మంది తల్లులు, తొమ్మిది మంది పిల్లలు. బల్ల మీది ప్లాస్టిక్ నేనే చింపాను. తలుపు మీద రంగు మొదటి రోజే పగిలింది. రెండో నెలలో అబ్బాను పిలిపించారు, తలుపు టచింగ్ చేయడానికి, పట్టికలో నా పేరు రాయడానికి.

ఆయన నా పేరులో చివరి అక్షరం రాస్తుండగా మేడంకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. రెండు వందల కిలోమీటర్ల అవతలికి. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. మేడం ఆ కాగితం రెండుసార్లు చదివింది. "తాళం తీసేటోళ్లొస్తే కోసేటోళ్లు పోవాలె," అంది. "ఇద్దర్ని ఒక్క జాగల ఉండనిస్తే వీళ్లకేం రోగం జేబా?" వారంలో వెళ్లిపోయింది.

మర్నాడే పెద్ద గుమస్తా మల్లయ్య అబ్బాను పట్టిక దగ్గరికి పిలిపించాడు. నేను పక్కనే ఉన్నాను.

"షరీఫ్ భాయ్, గా స్త్రీల డాక్టర్ పేరు మీద తెల్లరంగు కొట్టు."

"ఎవరొస్తున్నరు?" అన్నాడు అబ్బా.

"వస్తరు తియ్యి. జాగ ఇడువు."

అబ్బా చేతిలో కుంచె ఉంది, రంగు డబ్బా తెరిచి ఉంది. మనస్విని మేడం పేరు వంక చూశాడు. అన్నిటికన్నా కింద నా పేరు, ఇంకా మెరుస్తోంది.

"ఇడువ," అన్నాడు.

"ఏందీ?"

"ఒక్కపారి ఇడిసిన. పదేండ్లు ఒక్కడన్న అడిగిండా, గీడ డాక్టర్ ఏడీ అని? ఖాళీ జాగను ఎవ్వరడగరు మల్లయ్యా. పేరుంటే అడుగుతరు. అడగనియ్యి."

"నాకు మాటొస్తది భాయ్."

"రానియ్యి."

డబ్బా మీద మూత పెట్టి, పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి బిగించి వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున పదింటికి వరండాలో కేకలు. పుష్పమ్మ అనే ఆమె నిండు నెలల కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. పట్టిక మీద వేలు పెట్టి అరుస్తోంది.

"గీడ రాసిన్రు గదా! సదువొచ్చు నాకు. గీ మనస్విని మేడం ఏది? ఏడున్నది? పిలువున్రి!"

"అమ్మా, జర మెల్లగ," మల్లయ్య రెండు చేతులూ ఊపుతున్నాడు. "మేడం బదిలీ అయ్యింది. గది పాత పేరు."

"పాతదైతే కొత్తది ఏది?"

నేను థియేటర్లోంచి బయటికి వచ్చాను. మల్లయ్య నా వంక ఆశగా చూశాడు, నేనైనా సర్దిచెబుతానని. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఓపీ వరుసలోంచి అటు తిరిగారు. పుష్పమ్మ కోడలు నడుం పట్టుకుని గోడకు ఆనుకుంది.

నేను పోయి పుష్పమ్మ పక్కన నిలబడ్డాను.

"చెప్పున్రి మల్లయ్య గారూ," అన్నాను, వరండా చివరిదాకా వినబడేలా. "ఏది మేడం?"